పీరియడ్ లెక్కకు అందని పని

చెప్పిన పాఠాలను లెక్కగట్టి జీతమిచ్చే అధ్యాపకుణ్ని మన విశ్వవిద్యాలయాల్లో, డిగ్రీ కళాశాలల్లో గెస్ట్ ఫ్యాకల్టీ అంటారు. కాగితాల మీద అతిథి అధ్యాపకుడు. నెల జీతం ఉండదు. ఆ నెలలో ఎన్ని పీరియడ్లు చెబితే అన్నింటికే డబ్బు. పాఠం చెప్పని రోజుకు పైసా రాదు. ఈ ఏర్పాటు అర్థం కావాలంటే ముందు ఒక సంగతి తెలియాలి. అధ్యాపకుడి పనిని గంటల్లో కొలిచే పద్ధతి ఏమిటి? ఆ గంటలో ఏం కలుస్తుంది, ఏం కలవదు?

తాత్కాలిక అధ్యాపకులు అందరూ ఒక్క తరహా కాదు. కాంట్రాక్టు అధ్యాపకులకు గడువు ఉంటుంది, ఆ గడువు వరకు నెల జీతమూ ఉంటుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నియమావళి ప్రకారం కాంట్రాక్టు నియామకాలు తప్పనిసరి అయినప్పుడే జరగాలి. మొత్తం అధ్యాపక పోస్టుల్లో అవి 10 శాతం దాటకూడదు. వారికిచ్చే మొత్తం, కొత్తగా చేరిన రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థూల జీతానికి తగ్గకూడదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అడ్‌హాక్ అనే మరో తరహా ఉంది. నాలుగు నెలలకొకసారి ఉత్తర్వు మారుతుంది గాని, ఆ నాలుగు నెలలూ నెల జీతమే. గెస్ట్ ఫ్యాకల్టీది వీటన్నిటికీ కింది మెట్టు. 2019 ఆగస్టులో ఢిల్లీ విశ్వవిద్యాలయం, ఖాళీల్లో అడ్‌హాక్ వారి బదులు గెస్ట్ వారినే తీసుకోవాలని కళాశాలలకు లేఖ రాసింది. డిసెంబరులో వేలమంది అధ్యాపకులు రోడ్డెక్కారు. నెల జీతం నుంచి పీరియడ్ కూలికి దిగడం అంటే ఏమిటో వారికి తెలుసు.

ఇక లెక్క సంగతి. రెగ్యులర్ అధ్యాపకుడి పనికి యూజీసీ పెట్టిన కొలత ఇది. వారానికి 40 గంటలకు తగ్గని పని. ఏడాదికి 30 పనివారాలు, అంటే 180 బోధన దినాలు. రోజుకు కనీసం 5 గంటలు కళాశాలలో అందుబాటులో ఉండాలి. ఆ 40 గంటల్లో నేరుగా తరగతిలో బోధించవలసినవి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్‌కు, ప్రొఫెసర్‌కు 14 గంటలు. మిగతా 24 గంటలు ఖాళీ సమయం కాదు. పాఠం తయారు చేసుకోవడం, పేపర్లు దిద్దడం, విద్యార్థుల సందేహాలు తీర్చడం, ప్రాజెక్టులు చూడడం, కమిటీల పని, పరిశోధన అన్నీ అందులోనే ఉన్నాయి. 2010 నియమావళి పరిశోధనకు వారానికి కనీసం 6 గంటలు కేటాయించాలని చెప్పింది.

ఇక్కడ ఒక చిన్న భాగహారం చేయవచ్చు. 40 గంటల్లోంచి పరిశోధన కింద 6 గంటలు తీసేస్తే 34 మిగులుతాయి. ఆ 34 గంటల పని 16 గంటల బోధన చుట్టూ అల్లుకున్నది. 34ను 16తో భాగిస్తే 2 కన్నా కాస్త ఎక్కువ, కచ్చితంగా 2.125 వస్తుంది. అంటే తరగతిలో ఒక గంట నిలబడిన అధ్యాపకుడు ఆ గంట కోసం మొత్తం రెండు గంటల పైచిలుకు పని చేసినట్టు. ఈ లెక్క ఏ సంఘమో కోరికల పత్రంలో రాసుకున్నది కాదు. రెగ్యులర్ అధ్యాపకుల కోసం యూజీసీ పెట్టుకున్న కొలతలోనే ఉన్నది.

శాఖలో వర్క్‌లోడ్ లెక్క ఎలా కడతారో చూస్తే మిగతా విషయం తేటపడుతుంది. సెమిస్టర్ పద్ధతిలో బోధనకు కొలమానం క్రెడిట్. వారానికి ఒక గంట ఉపన్యాసం సెమిస్టర్ అంతా సాగితే ఒక క్రెడిట్. ట్యుటోరియల్ అయినా గంటకు ఒక క్రెడిటే. ప్రాక్టికల్స్‌కు మాత్రం వారానికి రెండు గంటలు చేస్తేనే ఒక క్రెడిట్. ఇది విద్యార్థి చదువును కొలవడానికి పుట్టిన కొలత. విద్యార్థికి ఎన్ని క్రెడిట్లు వచ్చాయో చెప్పడానికి ఇది సరిపోతుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, అదే కొలతతో అధ్యాపకుడి పనిని కూడా తూచినప్పుడు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్ర శాఖ ఉందనుకుందాం. మూడు సంవత్సరాల తరగతులు, ఒక్కో సంవత్సరానికి రెండు సెక్షన్లు. ఒక్కో సెక్షన్‌కు వారానికి 4 గంటల థియరీ. మూడు రెళ్లు ఆరు, ఆరు నాలుగులు ఇరవై నాలుగు. థియరీకి 24 గంటలు. ప్రాక్టికల్స్‌కు ఒక్కో సెక్షన్‌ను రెండు బ్యాచ్‌లు చేస్తారు. మొత్తం 12 బ్యాచ్‌లు. ఒక్కో బ్యాచ్‌కు వారానికి 2 గంటలు. అవి మరో 24 గంటలు. మొత్తం 48. మనిషికి 16 గంటల చొప్పున భాగిస్తే సరిగ్గా ముగ్గురు అధ్యాపకుల పని.

ఇప్పుడు ప్రాక్టికల్ గంటను సగంగా లెక్కిస్తే ఏమవుతుంది? 24 గంటల ప్రాక్టికల్స్ కాగితం మీద 12 అవుతాయి. మొత్తం 36. 16తో భాగిస్తే ఇద్దరు అధ్యాపకులు, పైన 4 గంటలు. ల్యాబ్‌లో గడియారం మాత్రం 24 గంటలే చూపిస్తుంది. విద్యార్థులు తగ్గలేదు, బ్యాచ్‌లు తగ్గలేదు, రికార్డులు దిద్దే పని తగ్గలేదు. ఒక పోస్టు మాత్రం పోయింది. దాని చోట మిగిలిన 4 గంటలకు ఒక గెస్ట్ అధ్యాపకుణ్ని పిలుస్తారు. లెక్క పద్ధతి మారితే ఉద్యోగాలు మారడమంటే ఇదే.

ఇది ఊహ మాత్రమే కాదు. 2016 మే నెలలో యూజీసీ ఈ కొలతనే మార్చింది. అసిస్టెంట్ ప్రొఫెసర్ బోధన గంటలను 16 నుంచి 18కి పెంచి, దాని మీద 6 గంటల ట్యుటోరియల్స్ కలిపింది. మొత్తం 24. అసోసియేట్ ప్రొఫెసర్‌కు 14 బదులు 16, దాని మీద 6. ప్రాక్టికల్స్‌ను సగం లెక్కలోకి తెచ్చింది. అంటే 96 గంటల బోధన ఉన్న శాఖలో పాత లెక్క ప్రకారం ఆరుగురు కావాలి, కొత్త లెక్క ప్రకారం నలుగురు చాలు. అక్కర్లేకుండా పోయే ఆ ఇద్దరు ఎవరు? ఉద్యోగ భద్రత ఉన్నవారు కారు. అడ్‌హాక్ వారు, గెస్ట్ వారు. ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు జవాబు పత్రాల మూల్యాంకనాన్ని బహిష్కరించారు. కొద్ది వారాల్లోనే కేంద్రం వెనక్కి తగ్గి 16, 14, 14 గంటల పాత కొలతనే నిలబెట్టింది. వర్క్‌లోడ్ సూత్రంలో ఒక అంకె మారితే వేల కుటుంబాల బతుకు కదులుతుందని ఆ వేసవి చూపించింది.

గెస్ట్ అధ్యాపకుడి చేతికి వచ్చే డబ్బు సంగతి. 2010 నాటి యూజీసీ మార్గదర్శకాల ప్రకారం ఉపన్యాసానికి 1,000 రూపాయలు, నెలకు 25,000కు మించకూడదు. 2019 జనవరి 28న దాన్ని సవరించారు. ఉపన్యాసానికి 1,500 రూపాయలు, నెలకు 50,000 పరిమితి. మంజూరైన పోస్టుల్లో ఖాళీలకు గెస్ట్ వారిని తీసుకోవచ్చు. దానికి అదనంగా మంజూరైన పోస్టుల్లో 20 శాతం వరకు కూడా తీసుకోవచ్చు. అర్హతలు మాత్రం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఉన్నవే. నెట్, సెట్ లేదా పీహెచ్‌డీ ఉండాలి. భత్యాలు, పింఛను, గ్రాట్యుటీ, సెలవులు ఉండవు. విశ్వవిద్యాలయ పాలక సంఘాల్లో ఓటు ఉండదు.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే అసలు విషయం బయటపడుతుంది. 50,000ను 1,500తో భాగిస్తే 33 పీరియడ్లు. నెలకు నాలుగు వారాలు అనుకుంటే వారానికి ఎనిమిది చిల్లర. ముప్పై నాలుగో పీరియడ్ నుంచి చెప్పిన పాఠానికి పూర్తి ధర రాదు, పరిమితి అడ్డుపడుతుంది. అదే అధ్యాపకుడు రెగ్యులర్ వారిలా వారానికి 16 గంటలు చెబితే నెలకు 64 అవుతాయి. ధర ప్రకారం 96,000 రావాలి. వచ్చేది 50,000. అంటే పీరియడ్‌కు 781 రూపాయలు. తయారీ, పేపర్లు దిద్దడం కూడా కలిపిన 2.125 లెక్కన చూస్తే అసలు పని గంటకు దక్కేది 368 రూపాయలు. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనమే 57,700 రూపాయలతో మొదలవుతుంది. కరవు భత్యం, ఇంటి అద్దె భత్యం దాని మీద కలుస్తాయి. పైగా అది పన్నెండు నెలల జీతం.

తెలంగాణ ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో గెస్ట్ లెక్చరర్ల లెక్క కూడా ఇదే అచ్చులో పోసినది. పీరియడ్‌కు 390 రూపాయలు, నెలకు 72 పీరియడ్ల పరిమితి. గరిష్ఠంగా 28,080 రూపాయలు. రోజుకు మూడు పీరియడ్లు చొప్పున 24 రోజులు చెబితే ఆ 72 నిండుతాయి. దసరా సెలవులు వచ్చి పనిదినాలు 15కు తగ్గిన నెలలో చెప్పగలిగినవి 45 పీరియడ్లే. చేతికి వచ్చేది 17,550. పండగ నెలలోనే ఇంట్లో ఖర్చు ఎక్కువ, ఆ నెలలోనే రాబడి తక్కువ. సంక్రాంతికీ అంతే. వేసవిలో కళాశాల మూసి ఉన్నంతకాలం రాబడి సున్నా.

సెలవులొక్కటే కాదు. బంద్ వచ్చినా, పరీక్షలు జరుగుతున్నా, విద్యార్థులు క్రీడోత్సవాలకు వెళ్లినా, వానకు కళాశాల మూసేసినా పీరియడ్ జరగదు. జరగని పీరియడ్‌కు డబ్బు రాదు. అధ్యాపకుడు ఆ ఉదయం బస్సెక్కి వచ్చి ఉండవచ్చు. ముందు రాత్రి కూర్చుని పాఠం తయారు చేసుకుని ఉండవచ్చు. అయినా రిజిస్టరులో ఆ గడి ఖాళీ. రెగ్యులర్ అధ్యాపకుడికి ఆ రోజు డ్యూటీలో ఉన్న రోజే. ఒకే స్టాఫ్ రూములో, ఒకే వానకు, రెండు లెక్కలు.

బిల్లు నడిచే దారి కూడా పొడవైనదే. చెప్పిన పీరియడ్లను తేదీలవారీగా రాయాలి. టైంటేబుల్‌తో, విద్యార్థుల హాజరుతో సరిచూడాలి. శాఖాధిపతి సంతకం, ప్రిన్సిపాల్ సంతకం కావాలి. ఆ తరవాత బిల్లు పైకి వెళ్తుంది, బడ్జెట్ విడుదలైనప్పుడు డబ్బు వస్తుంది. నెల జీతం తేదీకి పడుతుంది. పీరియడ్ బిల్లుకు తేదీ లేదు. ఒక సెమిస్టర్ పాఠాల డబ్బు మరుసటి సెమిస్టర్‌లో అందడం గెస్ట్ అధ్యాపకులకు కొత్త కాదు.

లెక్కకు అందని పని ఏమిటో విడివిడిగా చెప్పుకోవాలి. మొదటిది తయారీ. ఒక పేపరును మొదటిసారి చెబుతున్న అధ్యాపకుడికి గంట పాఠానికి మూడు నాలుగు గంటల చదువు పడుతుంది. గెస్ట్ వారికి ఏడాదికో కొత్త పేపరు వస్తుంది. ఎందుకంటే రెగ్యులర్ వారు ఎంచుకున్నాక మిగిలినవే వారి వంతు. రెండోది దిద్దడం. ఇంటర్నల్ పరీక్షలు, అసైన్‌మెంట్లు, ల్యాబ్ రికార్డులు ఏవీ పీరియడ్లు కావు. 60 మంది ఉన్న సెక్షన్‌లో ఒక్కో పేపరుకు పది నిమిషాలు పట్టినా ఒక ఇంటర్నల్‌కు 10 గంటలు. మూడోది విద్యార్థి. సందేహం అడగడానికి వచ్చిన పిల్లను పీరియడ్ కాదని వెనక్కి పంపే అధ్యాపకుడు ఉండడు. సిఫారసు ఉత్తరాలు, ప్రాజెక్టు దిద్దుబాట్లు, ఫోన్లో రాత్రి పూట సలహాలు ఈ కోవలోవే. నాలుగోది ప్రయాణం. ఒక కళాశాలలో వచ్చే పీరియడ్లు బతకడానికి చాలక రెండు మూడు చోట్ల చెప్పేవారు రోజులో కొన్ని గంటలు రోడ్డు మీదే ఉంటారు.

ఇతర దేశాలూ ఈ చిక్కును ఎదుర్కొన్నాయి. ఫ్రాన్సులో శాశ్వత అధ్యాపకుల ఏడాది బోధన 192 ట్యుటోరియల్ గంటలు. ఒక గంట ఉపన్యాసాన్ని గంటన్నర ట్యుటోరియల్‌గా లెక్కిస్తారు కాబట్టి ఉపన్యాసాలైతే 128 గంటలు చాలు. ఏడాది మొత్తం పని 1,607 గంటలు, అందులో సగం బోధనకు. ఆ సగాన్ని 192తో భాగిస్తే ఒక ట్యుటోరియల్ గంట వెనుక నాలుగు గంటలకు పైగా పని ఉన్నట్టు. అయితే అక్కడా తాత్కాలికుల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. వాకతేర్ అనే గంట జీతగాడు ల్యాబ్‌లో గంట పనిచేస్తే మూడింట రెండు వంతులే లెక్క. 2009 నుంచి శాశ్వత అధ్యాపకుడి నిర్ణీత బోధనలో అదే ల్యాబ్ గంట పూర్తి గంట. డబ్బు నెలల తరబడి ఆగిపోతుందన్న మొర అక్కడా ఉంది. 2020లో చేసిన చట్టం 2022 సెప్టెంబరు నుంచి వారికి నెలనెలా చెల్లించాలని ఆదేశించింది.

అమెరికాలో ఈ ప్రశ్న ఆరోగ్య బీమా దారిలో వచ్చింది. వారానికి సగటున 30 గంటలు పనిచేసేవారిని పూర్తికాల ఉద్యోగులుగా చూసి పెద్ద సంస్థలు బీమా ఇవ్వాలని అక్కడి చట్టం. మరి పాఠాల లెక్కన పనిచేసే అధ్యాపకుడివి ఎన్ని గంటలు? 2014 ఫిబ్రవరిలో అక్కడి ఆదాయపు పన్ను శాఖ ఒక కొలత చెప్పింది. తరగతిలో ఒక గంటకు మొత్తం రెండుంపావు గంటల పనిగా లెక్కించడం సమంజసమని. తప్పనిసరిగా హాజరు కావలసిన సమావేశాలు, విద్యార్థులకు కేటాయించిన సమయం దానికి అదనం. యూజీసీ కొలత నుంచి తేలిన 2.125, అమెరికా పన్ను శాఖ చెప్పిన 2.25 దాదాపు ఒకటే. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు అవసరాల కోసం వేసిన లెక్కలు ఒకే చోట కలిశాయంటే ఆ లెక్కలో సత్తా ఉన్నట్టే.

మన న్యాయస్థానాల్లో ఈ విషయం రెండు పాయలుగా నడిచింది. ఒకటి ఉద్యోగ భద్రత. 2006 ఏప్రిల్‌లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు, నియామక పద్ధతిని పాటించకుండా తీసుకున్న తాత్కాలికులకు క్రమబద్ధీకరణ హక్కు లేదని చెప్పింది. మంజూరైన పోస్టుల్లో పదేళ్లు పనిచేసినవారికి ఒక్కసారికి మినహాయింపు చూపింది. 2022లో మధ్యప్రదేశ్ కళాశాలల అధ్యాపకుల కేసులో, ఒక తాత్కాలిక అధ్యాపకుణ్ని తీసేసి మరో తాత్కాలిక అధ్యాపకుణ్ని పెట్టకూడదని, రెగ్యులర్ నియామకం జరిగితేనే మార్చాలని తీర్పిచ్చింది. రెండోది జీతం. 2016 అక్టోబరులో జగజీత్ సింగ్ కేసులో, ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి రెగ్యులర్ వేతన శ్రేణిలోని కనీస వేతనం ఇవ్వాలని చెప్పింది. 2025 ఆగస్టులో గుజరాత్ కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లకు అదే సూత్రాన్ని వర్తింపజేసింది.

ఈ సమాన వేతన సూత్రం గెస్ట్ అధ్యాపకుడి దగ్గర తడబడేది పని లెక్క దగ్గరే. ఒకే పని చేస్తున్నానని నిరూపించే బాధ్యత అడిగినవారి మీదే ఉంటుందని 2016 తీర్పు స్పష్టంగా చెప్పింది. రిజిస్టరులో ఉన్నవి పీరియడ్లు మాత్రమే. దిద్దిన పేపర్లు, తీర్చిన సందేహాలు, రాత్రి తయారీ అందులో లేవు. రాసి లేని పనికి సాక్ష్యం లేదు. సాక్ష్యం లేని పనికి జీతం లేదు. కాబట్టి గంటల లెక్క గుమాస్తా పని కాదు, హక్కుకు పునాది.

లెక్క సరిదిద్దడానికి కొత్త సిద్ధాంతమేమీ అక్కర్లేదు. రెగ్యులర్ అధ్యాపకుడికి ఒప్పుకున్న 40 గంటల కొలతనే గెస్ట్ అధ్యాపకుడికీ వర్తింపజేస్తే సరిపోతుంది. పీరియడ్ ధరను కట్టేటప్పుడు తయారీ, దిద్దుబాటు కలిపి కట్టాలి. ల్యాబ్ గంటను పూర్తి గంటగా చూడాలి. నియామకం పీరియడ్లకు కాక సెమిస్టర్‌కు జరగాలి. అప్పుడు పరీక్షల రోజులు, మూల్యాంకనం రోజులు, మధ్యలో వచ్చే పండగలు అందులో కలుస్తాయి. ఇంటర్నల్స్, ప్రాజెక్టులు, ఇన్విజిలేషన్ నియామక ఉత్తర్వులోనే గంటలతో సహా రాయాలి. జీతం నెలనెలా ఒక తేదీకి పడాలి. నెల పరిమితి ఉంచదలిస్తే ఆ పరిమితికి మించి పని అప్పగించకూడదు.

అన్నిటికన్నా ముందు జరగవలసింది మరొకటి ఉంది. సంస్థను అత్యవసరంలో ఆదుకోవడానికి, ఒక ప్రత్యేక విషయం చెప్పడానికి బయటి నిపుణుణ్ని పిలవడానికి గెస్ట్ ఏర్పాటు పుట్టింది. ఏడాది వెంట ఏడాది, ప్రతి వారం, అదే శాఖలో 16 గంటల పాఠాలు మిగులుతున్నాయంటే అది అతిథి పని కాదు. అది ఖాళీగా ఉన్న ఒక పోస్టు. ఆ పోస్టును నింపకుండా పీరియడ్లుగా ముక్కలు చేసి పంచినంతకాలం నష్టపోయేది అధ్యాపకుడు ఒక్కడే కాదు. వచ్చే సెమిస్టర్‌కు తమ మాస్టారు ఉంటారో లేదో తెలియని విద్యార్థులూ నష్టపోతారు. చెప్పిన పాఠానికి మాత్రమే కాక, ఆ పాఠం వెనుక ఉన్న పనికి కూడా విలువ కట్టే రోజున మన కళాశాలల్లో లెక్క సరిపోతుంది.